జేమ్స్ వెబ్ ఫోటోల్లో రంగులు నిజమేనా, ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌తో కొత్తగా తెలిసిందేంటి?

కూకట్‌పల్లి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. పదో తరగతి చదివే వాళ్ళ పాపకి ఆకాశం అంటే ప్రాణం, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఫోటోలు ప్రింట్ తీయించి గోడకి అంటించుకుంది, అయితే క్లాసులో ఎవరో "అవన్నీ కంప్యూటర్లో రంగులేసిన బొమ్మలు, అక్కడ అలా ఏం ఉండదు" అన్నారట, అప్పట్నుంచి డల్‌గా ఉందట. ఆయన అడిగేది మూడు విషయాలు. ఆ ఫోటోలు నిజమా కాదా. ఇన్‌ఫ్రారెడ్ అనే కంటికి కనపడని వెలుతురుతో, పాత హబుల్ టెలిస్కోప్‌కి తెలీనిది కొత్తగా ఏం తెలిసింది. దానికోసం అంత డబ్బు పెట్టి అంత దూరం పంపాలా, ఇక్కడే ఏదో కొండ మీద పెట్టుకోకూడదా.

ముందు సూటిగా చెప్పేస్తా. వెలుతురు నిజం, ఆకారాలు నిజం, రంగులు మాత్రం మనం కేటాయించినవి, అదీ ఒక పద్ధతి ప్రకారం. కొత్తగా తెలిసింది చాలా ఉంది: దుమ్ము మేఘాల లోపల పుడుతున్న నక్షత్రాలు, మామూలు టెలిస్కోప్‌కి అసలు దొరకని చల్లటి పదార్థం, విశ్వం మొదటి రోజుల గెలాక్సీలు, వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల గాలిలో ఏముందో. కొండ మీద పెట్టుకుంటే ఇందులో కొంత వస్తది, ఎక్కువ భాగం రాదు. మీరు అడగకపోయినా ఇంకొకటి కూడా ముందే చెప్తా, గోడ మీద అంటించుకునే ఫోటో కంటే దాంతోపాటు వచ్చే గ్రాఫ్ ఎక్కువ విషయం చెప్తుంది. మీ పాపకి ఇది ఈ వయసులోనే తెలిస్తే చాలా మంచిది.

నేను పీహెచ్‌డీ చేసింది ఇన్‌ఫ్రారెడ్ మీదే, నక్షత్రాలు పుట్టే మేఘాల మీద. ఇప్పుడు సిటీలో ఒక కాలేజీలో ఫిజిక్స్ చెప్తున్నా, పిల్లలతో వెబ్ డేటా, దానికి ముందున్న స్పిట్జర్ అనే ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్ డేటా దింపించి ప్రాజెక్టులు చేయిస్తుంటా, కాబట్టి ఈ రంగుల ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు.

రంగుల సంగతి ముందు చూద్దాం. మన కన్ను సుమారు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల తరంగాలే చూస్తుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. వెబ్‌లో ఉన్న నియర్‌క్యామ్ అనే కెమెరా 0.6 నుంచి 5 మైక్రాన్ల దాకా, మిరి అనే ఇంకో పరికరం 5 నుంచి 28 దాకా చూస్తాయి. కెమెరా ఒక్కో ఫిల్టర్ పెట్టుకుని ఒక్కో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీస్తుంది, నిజానికి అది ఫోటో కూడా కాదు, ఏ పిక్సెల్ మీద ఎంత వెలుతురు పడిందో చెప్పే అంకెల పట్టిక, అంతే. అలాంటివి ఐదారు తీసుకుని వాటిల్లో పొట్టి తరంగాల దానికి నీలం, మధ్య దానికి ఆకుపచ్చ, పొడుగు దానికి ఎరుపు ఇచ్చి కలుపుతారు. మన కన్ను చేసే వరసే ఇది, కాకపోతే మొత్తం వరసని కనపడే చోటికి జరిపాం. అందుకని ఒకచోట ఎర్రగా ఇంకోచోట నీలంగా ఉందంటే అక్కడ పదార్థంలో నిజంగానే తేడా ఉందన్నమాట. కరీనా నెబ్యులా అనే నక్షత్రాలు పుట్టే మేఘం ఫోటోనే తీసుకోండి, 2022 జులైలో మొదటి విడతలో వచ్చింది, కొండల వరసలా ఉంటుంది చూడండి అదే, దానికి వాడిన ఫిల్టర్లలో ఒకటి 1.87 మైక్రాన్లది, అది వేడి హైడ్రోజన్‌ని పట్టుకుంటుంది, ఇంకోటి 3.35 మైక్రాన్లది, అది పీఏహెచ్‌లు అనే కార్బన్ అణువులని చూపిస్తుంది, మన బండి పొగలో మసిలో ఉండే జాతివే అవి. కాబట్టి అక్కడ రంగు మారిందంటే పదార్థం మారిందని చదువుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం పాప క్లాస్‌మేట్ అనుమానానికి చోటుంది. నక్షత్రాలకి కనిపించే ఆ పొడుగాటి కిరణాలు నక్షత్రాలవి కావు. ఆరు పెద్దవి వెబ్ షట్కోణ అద్దాల అంచుల వల్ల వచ్చేవి, అడ్డంగా ఉండే చిన్న రెండు ముందు వైపు అద్దాన్ని పట్టుకున్న కడ్డీ వల్ల. హబుల్ ఫోటోల్లో నాలుగే ఉంటాయి. ఫోటో ఏ టెలిస్కోప్‌దో పిల్లలు దీంతోనే గుర్తుపట్టేస్తారు.

కనపడని వెలుతురు ఉందని ఇంట్లోనే చూపించండి, టీవీ రిమోట్‌ని ఫోన్ ఫ్రంట్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కితే లేత ఊదా రంగులో మెరుస్తుంది, కంటితో చూస్తే ఏమీ ఉండదు. రిమోట్ వదిలేది ఇన్‌ఫ్రారెడే, చాలా ఫోన్లలో వెనక కెమెరాకి దాన్ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అందుకే ముందుదే వాడండి.

ఇక అసలు విషయం, ఏం తెలిసింది అనేది.

దుమ్ము. నక్షత్రాల మధ్య ఉండే దుమ్ము కణాలు చాలా సన్నవి, మైక్రాన్‌లో పదో వంతు దగ్గర ఉంటాయి, మన కంటికి కనపడే వెలుతురు తరంగాలతో దాదాపు సమానం, అందుకే ఆ వెలుతురుని గట్టిగా ఆపేస్తాయి, తరంగం పొడుగయ్యే కొద్దీ పట్టు తగ్గిపోతుంది. దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ మన గెలాక్సీ నడిబొడ్డు. మే నెలలో తెల్లవారుజామున ఊరి బయటికి వెళ్ళి దక్షిణం వైపు ధనుస్సు రాశి దగ్గర చూస్తే అదే దిక్కులో సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటుంది, మధ్యలో ఉన్న దుమ్ము వల్ల కనపడే వెలుతురులో లక్ష కోట్ల ఫోటాన్లు బయల్దేరితే ఇక్కడికి చేరేది ఒక్కటి. అదే 2.2 మైక్రాన్ల దగ్గర చూస్తే పదింటికి ఒకటి చొప్పున వచ్చేస్తాయి. తేడా చూడండి! ఆ తరంగంలోనే రైన్‌హార్డ్ గెంజెల్, ఆండ్రియా గెజ్ బృందాలు ఏళ్ళ తరబడి అక్కడి నక్షత్రాలు దేని చుట్టూ తిరుగుతున్నాయో కొలిచి, సుమారు 40 లక్షల సూర్యుళ్ళ బరువున్న బ్లాక్ హోల్ ఉందని తేల్చారు, 2020లో నోబెల్ వచ్చింది. ఇది భూమ్మీద టెలిస్కోపులతోనే చేశారు, దీని గురించి కింద మళ్ళీ చెప్తా.

క్లాసులో నేను చూపించేది పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్, అంటే స్తంభాల్లా నిలబడ్డ దుమ్ము, వాయు మేఘాలు, 6,500 కాంతి సంవత్సరాల దూరం, మూడు ఫోటోలు పక్కపక్కన పెడతా. హబుల్ తీసింది, వెబ్ నియర్‌క్యామ్ తీసింది, వెబ్ మిరి తీసింది. హబుల్‌లో స్తంభాలు గట్టి రాళ్ళలా ఉంటాయి. నియర్‌క్యామ్‌లో అవే పల్చబడి వెనక వేల నక్షత్రాలు బయటపడతాయి, స్తంభాల అంచుల్లో ఇంకా పూర్తిగా తయారవని పసి నక్షత్రాలు ఎర్రగా కనిపిస్తాయి. మిరిలో నక్షత్రాలు చాలావరకు మాయమైపోయి దుమ్ము తనంతట తాను వెలుగుతుంది. ఒకే చోటు, మూడు రకాల తరంగాలు. ఆ మూడు చూశాక ఏది అసలు ఫోటో అని అడగడం పిల్లలే మానేస్తారు.

చల్లటి వస్తువులు. ఒక చిన్న సూత్రం ఉంది, 3,000ని కెల్విన్‌లో ఉష్ణోగ్రతతో (సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్) భాగిస్తే ఆ వస్తువు ఎక్కువగా వెలిగే తరంగం మైక్రాన్లలో సుమారుగా వచ్చేస్తుంది. సూర్యుడు 5,800 కెల్విన్, అంటే 0.5 మైక్రాన్లు, కంటికి కనపడతాడు. మనిషి ఒళ్ళు 310, సుమారు 10 మైక్రాన్లు, అంటే మనమందరం చీకట్లో కూడా వెలుగుతూనే ఉంటాం, కన్ను చూడలేదు అంతే. 30 కెల్విన్ దుమ్ము మేఘమైతే 100 మైక్రాన్లు.

ఇందులో నాకు బాగా ఇష్టమైన కథ అభిజిత్ నక్షత్రానిది, అదే వేగా. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం పంపారు, అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి, అద్దం 57 సెంటీమీటర్లే, చల్లగా ఉంచే ద్రవ హీలియం పది నెలలకి అయిపోయింది, కానీ ఆ పది నెలల్లో ఆకాశం దాదాపు మొత్తం ఇన్‌ఫ్రారెడ్‌లో గాలించేసింది. దాని కొలతలు సరిచూసుకోవడానికి తెలిసిన నక్షత్రం కదా అని అభిజిత్ వైపు తిప్పితే 60, 100 మైక్రాన్ల దగ్గర ఉండాల్సిన దానికంటే ఎంతో ఎక్కువ వెలుతురు వచ్చింది. పరికరం తప్పు కాదు. హార్ట్‌మట్ ఆమన్, ఫ్రెడ్ జిలెట్ దాన్ని వదలకుండా పట్టుకుని ఆ నక్షత్రం చుట్టూ చల్లటి దుమ్ము ఉందని తేల్చారు, గ్రహాలు తయారయ్యే పదార్థం లాంటిది ఇంకో నక్షత్రం చుట్టూ కూడా ఉందని అంత గట్టిగా తెలియడం అప్పుడే. ఎండాకాలం రాత్రుల్లో హైదరాబాద్ నుంచి కూడా ఉత్తరం వైపు పైన తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, పాపకి చూపించి ఈ సంగతి చెప్పండి.

మన సౌర కుటుంబంలో కూడా అంతే. శని దగ్గరికి వెళ్ళిన కాసీని నౌకలో వేడిని కొలిచే పరికరం 2005లో శని చందమామ ఎన్‌సెలాడస్ దక్షిణ ధృవం దగ్గర ఉండకూడని వేడి ఉందని చూసింది, ఆ పగుళ్ళ నుంచే నీటి ఆవిరి పైకి చిమ్ముతోంది. మన చంద్రయాన్-1లో వెళ్ళిన నాసా పరికరం చందమామ నేల మీద నుంచి వచ్చే వెలుతురులో 3 మైక్రాన్ల దగ్గర గుంట చూసింది, నీళ్ళు, హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ జంట) ఉన్నాయని 2009 సెప్టెంబర్‌లో ప్రకటించారు. అది కూడా ఫోటో కాదు, గ్రాఫే.

దూరం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తా ఎందుకంటే యూట్యూబ్‌లో దీని మీదే ఎక్కువ తప్పులు తిరుగుతున్నాయి. విశ్వం సాగుతోంది, ఆ సాగుడుతో పాటు దారిలో ఉన్న వెలుతురు తరంగం కూడా సాగుతుంది. 2024 మేలో ప్రకటించిన జేడ్స్-జీఎస్-జెడ్14-0 అనే గెలాక్సీ వెలుతురు 15 రెట్లు సాగి వచ్చింది, అంటే విశ్వానికి ఇప్పుడు 1,380 కోట్ల సంవత్సరాలైతే ఆ వెలుతురు బయల్దేరినప్పుడు 30 కోట్లు. తర్వాత మామ్-జెడ్14 అనేది ఇంకొంచెం ముందుకి, 28 కోట్ల దగ్గరికి వెళ్ళింది.

అంత దూరపు గెలాక్సీల దగ్గర హైడ్రోజన్ వాయువు 0.1216 మైక్రాన్ల కంటే పొట్టి వెలుతురుని మింగేస్తుంది. 15 రెట్లు సాగితే ఆ హద్దు 1.85 మైక్రాన్ల దగ్గరికి వస్తుంది. కాబట్టి ఆ గెలాక్సీ 1.5 మైక్రాన్ల ఫిల్టర్‌లో ఉండదు, 2 మైక్రాన్ల ఫిల్టర్‌లో ఉంటుంది. హబుల్ కెమెరా 1.7 దగ్గర ఆగిపోతుంది. అంటే ఎన్ని నెలలు అటే చూసినా హబుల్‌కి అది కనిపించదు. హబుల్ ఉండగా ఇదెందుకు అని అడిగారు కదా, నా దగ్గరున్న పొట్టి సమాధానం ఈ లెక్కే.

అయితే ఫిల్టర్ ఫోటోతో అంచనా మాత్రమే వస్తుంది. సీర్స్-93316 అనే గెలాక్సీ 2022లో పెద్ద వార్త అయింది, ఫోటోల లెక్కలో వెలుతురు 17 రెట్లు సాగినట్టు వచ్చింది, అంటే అందరికంటే దూరం. తర్వాత వెబ్‌లోనే ఉన్న నియర్‌స్పెక్ అనే పరికరంతో వెలుతురుని తరంగాల వారీగా విడదీసి స్పెక్ట్రమ్ తీశారు, చూస్తే 6 రెట్లే, బిగ్ బ్యాంగ్ అయిన 120 కోట్ల సంవత్సరాల తర్వాతది. దుమ్ము వల్లా, కొన్ని బలమైన వాయు గీతలు (వాయువు ప్రత్యేకంగా వెలిగే తరంగాలు) సరిగ్గా ఫిల్టర్లలో పడటం వల్లా అలా అనిపించింది. అందుకే మా పిల్లలకి నేను పెట్టే రూల్ ఒకటే, స్పెక్ట్రమ్ లేకుండా దూరం నమ్మొద్దు.

"వెబ్ బిగ్ బ్యాంగ్‌ని కొట్టిపారేసింది" అని థంబ్‌నెయిల్ పెట్టిన వీడియోలు మీకూ వచ్చే ఉంటాయి. లేదండి, కొట్టిపారేయలేదు. అనుకున్నదానికంటే ముందే, అనుకున్నదానికంటే కాంతివంతమైన గెలాక్సీలు ఎక్కువ కనిపించాయి, అది నిజం. దాంతో ప్రశ్నలో పడింది నక్షత్రాలు ఎంత తొందరగా పుడతాయి, దుమ్ము ఎప్పుడు వచ్చింది, బ్లాక్ హోల్స్ అంత త్వరగా ఎలా పెరిగాయి అనేవి. విశ్వం సాగుతోందనేది, బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలి ఆకాశమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వెలుతురు అనేది ఎక్కడికీ పోలేదు. "చిన్న ఎర్ర చుక్కలు" అని పిలిచే వస్తువులు కూడా కొన్ని వెబ్ ఫోటోల్లో దొరికాయి, దట్టమైన వాయువులో కూరుకుపోయిన బ్లాక్ హోల్స్ కావచ్చని చాలామంది అంటున్నారు, చర్చ ఇంకా నడుస్తోంది.

గ్రహాల గాలి. గ్రహం తన నక్షత్రం ముందు నుంచి వెళ్ళేటప్పుడు దాని గాలి గుండా కొంచెం నక్షత్ర కాంతి వడకట్టి వస్తుంది, ఏ వాయువు ఉంటే దాని తరంగాల దగ్గర వెలుతురు తగ్గుతుంది, చాలా వాయువుల గీతలు ఇన్‌ఫ్రారెడ్‌లోనే ఉంటాయి. వాస్ప్-39బి అని 700 కాంతి సంవత్సరాల దూరంలో ఒక వేడి గ్రహం, దాని గ్రాఫ్‌లో 4.3 మైక్రాన్ల దగ్గర కార్బన్ డయాక్సైడ్ స్పష్టంగా వచ్చింది, 2022 ఆగస్టులో. ఆ గ్రహానికి ఫోటో లేదు, అసలు చుక్కగా కూడా విడిగా కనపడదు, అయినా దాని గాలిలో ఏముందో తెలుసు. ట్రాపిస్ట్-1 అనే నక్షత్రం చుట్టూ ఏడు గ్రహాలున్నాయని 2017లో ప్రకటించారు, అందులో స్పిట్జర్ పాత్ర పెద్దది, తర్వాత వాటిల్లో లోపలి గ్రహం పగటి వైపు 500 కెల్విన్ దగ్గర ఉందని వెబ్ కొలిచింది, అంత వేడి ఉందంటే వేడిని అటువైపు మోసుకెళ్ళే దట్టమైన గాలి లేదన్నమాట.

కె2-18బి అనే గ్రహం గురించి కూడా అడుగుతారని తెలుసు, 2025 ఏప్రిల్‌లో మన తెలుగు ఛానళ్ళన్నీ "వేరే గ్రహం మీద జీవం" అని వేశాయి కాబట్టి. కేంబ్రిడ్జ్‌లో పనిచేసే భారతీయుడు నిక్కు మధుసూదన్ బృందం చెప్పింది, జీవం వల్ల రాగల ఒక వాయువు ఆనవాలు మూడు సిగ్మా స్థాయిలో ఉందని, సిగ్మా అంటే ఆ ఆనవాలు ఊరికే యాదృచ్ఛికంగా వచ్చింది కాదని ఎంత నమ్మకమో చెప్పే కొలత. కనిపెట్టాం అని గట్టిగా చెప్పాలంటే మామూలుగా ఐదు సిగ్మా కావాలి, ఆ బృందమే ఇంకా పరిశీలన కావాలంది. వేరేవాళ్ళు అదే డేటా మళ్ళీ లెక్కేసి అంత బలం లేదన్నారు. 2023లో చెప్పిన మీథేన్ మాత్రం గట్టిగా ఉంది. ఇక్కడితో ఆపాలి, ఇంతకంటే ముందుకెళ్ళి పాపకి చెప్పకండి.

ఇప్పుడు కొండ సంగతి. రెండు అడ్డంకులు. మొదటిది గాలిలో నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, ఇవి ఇన్‌ఫ్రారెడ్‌లో ఎక్కువ భాగాన్ని మింగేస్తాయి, 2.2 మైక్రాన్ల దగ్గర ఉన్నట్టు కొన్ని కిటికీలు మాత్రమే తెరిచి ఉంటాయి, గెంజెల్, గెజ్‌ల పని ఆ కిటికీలోంచే జరిగింది. రెండోది వేడి. టెలిస్కోప్, దాని చుట్టూ గాలి, నేల అన్నీ 10 మైక్రాన్ల దగ్గర తామే వెలుగుతుంటాయి, ఆ వెలుగులో దూరపు గెలాక్సీని చూడాలనుకోవడం పెళ్ళి బ్యాండ్ పక్కన నిలబడి ఫోన్‌లో గుసగుసలు వినాలనుకోవడమే. అందుకే వెబ్‌ని 15 లక్షల కిలోమీటర్ల దూరం పంపి, సూర్యుడు, భూమి, చందమామ మూడూ ఒకే వైపు ఉండేలా చూసుకుని, టెన్నిస్ కోర్టంత ఐదు పొరల తెర అడ్డం పెట్టారు. తెరకి ఎండవైపు నీళ్ళు కాగే వేడికి దగ్గర, నీడవైపు మైనస్ 230 డిగ్రీల దగ్గర. మిరికి అది కూడా చాలక హీలియం కూలర్‌తో 7 కెల్విన్ కిందికి దించుతారు. మన ఆదిత్య-ఎల్1 కూడా దాదాపు అంతే దూరంలో ఉంది, కాకపోతే సూర్యుడి వైపు, వెబ్ దానికి సరిగ్గా ఎదురు దిక్కున.

మధ్యే మార్గం ఒకటుంది, అది మన ఊళ్ళోనే ఉంది, చాలామందికి తెలీదు. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గర టీఐఎఫ్ఆర్ (టాటా పరిశోధన సంస్థ) వాళ్ళ బెలూన్ ఫెసిలిటీ. అక్కడి నుంచి ఒక మీటర్ అద్దం ఉన్న ఫార్ ఇన్‌ఫ్రారెడ్ (ఇంకా పొడుగు తరంగాల) టెలిస్కోప్‌ని పెద్ద బెలూన్‌కి కట్టి 30 కిలోమీటర్ల పైకి పంపేవాళ్ళు, అక్కడ నీటి ఆవిరి దాదాపు ఉండదు, పని అయ్యాక పారాచూట్‌తో దించి తెచ్చుకునేవాళ్ళు. జపాన్ వాళ్ళ పరికరం జోడించి 158 మైక్రాన్ల దగ్గర కార్బన్ గీతని కూడా కొలిచారు, వాయు మేఘం తన వేడిని వదిలించుకుని చల్లబడేది ముఖ్యంగా ఆ గీత ద్వారానే, చల్లబడితేనే కుంగి నక్షత్రం అవుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఆ మ్యాపుల మీద గడిపిన సాయంత్రాలు ఎన్నో. ఇంకో మాట, వెబ్ 28 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది, 158 దానికి అందదు. 2009 నుంచి 2013 దాకా పనిచేసిన యూరప్ వాళ్ళ హెర్షెల్ టెలిస్కోప్ ఆ పొడుగు తరంగాలు చూసింది, ఇప్పుడు అంతరిక్షంలో దాని స్థానంలో ఏదీ లేదు, నా దృష్టిలో ఇది పెద్ద లోటు.

ఖర్చు సుమారు 1,000 కోట్ల డాలర్లు, నిజమే, చాలా డబ్బు. కానీ ఆ డేటా కొంతకాలం తర్వాత, గరిష్ఠంగా ఏడాదికి, ప్రపంచంలో ఎవరికైనా ఫ్రీ. మీ పాపకి కూడా. బాల్టిమోర్‌లో ఉన్న మాస్ట్ అనే ఆర్కైవ్‌లో ఆబ్జెక్ట్ పేరు కొడితే ఫైళ్ళు వస్తాయి, ఒక్కోటి పెద్దగా ఉంటాయి కాబట్టి ఫోన్ డేటాతో కాకుండా వైఫైతో దింపుకోండి. డీఎస్9 అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మొదట నల్లటి స్క్రీనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు, స్కేల్‌ని లాగ్‌కి మార్చితే మేఘాలు బయటికొస్తాయి. కరీనాతో మొదలుపెట్టమనండి, 0.9, 2, 4.4 మైక్రాన్ల మూడు ఫైళ్ళు చాలు, వరసగా నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఇచ్చి కలపమనండి. తర్వాత ఆ ఎరుపు తీసేసి దాని బదులు 3.35 పెట్టి చూస్తే ఎక్కడెక్కడ మారిందో తనే చెప్తుంది. ఆ తర్వాత వాస్ప్-39బి గ్రాఫ్ ముందు పెట్టి 4.3 దగ్గర గుబ్బ ఎందుకు వచ్చిందో అడగండి (ఆ గ్రాఫ్‌లో గీసేది ఎంత వెలుతురు ఆగిందో), అక్కడ ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, నేను చూస్తా.